నలభై ఒకటో నెంబరు కుండీ

కమిషనర్ గారు బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో రెండు రోజులపాటు ఆనందం గురించి శిక్షణ పొంది వచ్చారు. ఉద్యోగి ఆనందంగా ఉంటే ఫైలు తొందరగా కదులుతుందని అక్కడ ఎవరో తెర మీద బొమ్మలు వేసి మరీ చూపించారట. భోజనాలయ్యాక వచ్చినవాళ్ళందరికీ తలా ఒక చిన్న కుండీ చేతిలో పెట్టి పంపించారు. అందులో జానెడు మొక్క. బొటనవేలంత లావు కాండం, బుల్లి చెట్టుకు ఉన్నట్టే కొమ్మలు, కొమ్మలనిండా నున్నగా, మందంగా, లోపల నీళ్ళు నింపినట్టుండే గుండ్రటి ఆకులు. దాని పేరు జేడ్ మొక్క అనీ, బల్ల మీద పెట్టుకుంటే అదృష్టమనీ చెప్పారు. కమిషనర్ గారు దాన్ని విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారు. ఆ మర్నాడే ఆయనకు మూడేళ్ళుగా ఆగిపోయిన ప్రమోషను వచ్చింది. ఇక ఆ శాఖ పని అయిపోయింది.

వారం తిరక్కుండా 'పచ్చని బల్ల' పథకం పుట్టింది. దానికి పదకొండు పేజీల సర్క్యులర్. మంజూరైన ప్రతి పోస్టుకూ ఒక మొక్క. ప్రతి మొక్కకూ ఒక నెంబరు. ఏడో పేరాలో అసలు సంగతి ఉంది: "ప్రతి మొక్కకు ప్రతి దినము ఉదయం 10.45 గంటలలోగా పావు లీటరు నీరు విధిగా పోయవలెను. పోసిన వెంటనే ఫొటో తీసి యాప్ నందు నమోదు చేయవలెను. నిర్లక్ష్యము వహించిన వారిపై శాఖాపరమైన చర్యలు గైకొనబడును." ఈ పావు లీటరు ఎక్కడిదని తర్వాత ఎవరో ఆరా తీస్తే, సర్క్యులర్ రాసిన అధికారి ఇంట్లో మల్లెపాదుకు వాళ్ళావిడ చెంబుతో పోసే నీళ్ళను ఉజ్జాయింపుగా వేశాడని తేలింది.

గోదావరి గట్టుకు దగ్గర్లో ఉన్న జిల్లా సమన్వయ పర్యవేక్షణ కార్యాలయానికి అరవై నాలుగు కుండీలు దిగాయి. ఆ ఆఫీసు ఎవరిని ఎవరితో సమన్వయం చేస్తుందో అందులో పనిచేసేవాళ్ళకు కూడా తెలియదు. అడిగి తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. కుండీలను లారీలోంచి దింపి, రెండంతస్తులు మోసి, బల్లల మీద సర్దింది మాత్రం నూకరత్నం.

నూకరత్నం ఆ ఆఫీసులో నీళ్ళ మనిషి. కాంట్రాక్టు మీద చేరి పదకొండేళ్ళయింది. తాగే నీళ్ళు మోయడం, వరండాలోని క్రోటన్లకు, ముందున్న పచ్చగడ్డికి నీళ్ళు పట్టడం ఆమె పని. మేడ మెట్లు బకెట్లతో ఎక్కీ దిగీ రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మోకాలు మార్చాలని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. పర్మినెంటు అయితే హెల్త్ కార్డు వస్తుంది, కార్డుంటే ఆపరేషను అవుతుంది. ఆ సంవత్సరమే పర్మినెంటు చేయవలసిన ముగ్గురి ఫైలు కదిలింది, అందులో రెండో పేరు ఆమెది. ఏ మెమో లేకుండా మార్చి దాటితే చాలునని అందరూ చెప్పారు. పదకొండేళ్ళలో ఆమెకు ఒక్క మెమో లేదు. ఆమె చేసే పనిలో తప్పు చేయడానికి వీలే లేదని ఆమె నమ్మకం.

నూకరత్నం పుట్టింది కడియం దగ్గర. వాళ్ళమ్మ నర్సరీలో కూలికి వెళ్ళేది. పెళ్ళయ్యేదాకా తనూ వెళ్ళింది. ఆకు రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసి మొక్కకు ఏం కావాలో చెప్పగలదు. కుండీలు దింపిన రోజునే ఆమె ఒక ఆకు నొక్కి చూసి, సూపరింటెండెంట్ సీతారామాంజనేయులు గారి దగ్గరకు వెళ్ళింది.

"అయ్యగారండీ, ఇది నీళ్ళు తాగే మొక్క కాదండి. నీళ్ళన్నీ ఆకులోనే దాచుకుంటాదండి. మట్టి బాగా ఎండిపోయాక, పదిరోజులకో పదిహేను రోజులకో ఓ గ్లాసుడు పోత్తే చాలండి. రోజూ పోత్తే కుళ్ళిపోద్దండి."

సూపరింటెండెంట్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సర్క్యులర్ ఏడో పేరా మీద వేలు పెట్టారు. "ప్రతి దినము అని ఉంది. చూశావా?"

"చూశానండి. రాసినోళ్ళకి తెలవదేమోనండి."

"ఎంతవరకు చదివావు నువ్వు?"

"ఏడండి."

"ఇది రాసినవారు మూడు డిగ్రీలు చదివారు. కుళ్ళేదీ కుళ్ళనిదీ నిర్ణయించవలసింది పైవారు. మన విధి పోయడం."

ఆమె విధిగా పోసింది. ప్రతి ఉదయం అరవై మూడు కుండీలకు పావు లీటరు చొప్పున పోసి రిజిస్టరులో టిక్కు పెట్టేది. ఆ వెంటనే గుమాస్తాలు లేచి తమ తమ మొక్కల పక్కన నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగేవాళ్ళు. నవ్వు లేని ఫొటోను యాప్ తిప్పి పంపేది, ఎందుకంటే అది ఆనందం పథకం. పదకొండు గంటలకు మొదలు కావలసిన పని పన్నెండున్నరకు మొదలయ్యేది. అంతకు ముందు కూడా పన్నెండున్నరకే మొదలయ్యేది గనక పరిపాలనకు నష్టం ఏమీ రాలేదు.

అరవై నాలుగో కుండీ సంగతి వేరు. అది నలభై ఒకటో నెంబరుది. టైపిస్టు గారు రిటైరై ఆరేళ్ళయింది, పోస్టు మాత్రం కాగితం మీద బతికే ఉంది. ఉంది కాబట్టి దానికీ ఒక మొక్క వచ్చింది. మనిషి లేడు కాబట్టి ఫొటో దిగేవాళ్ళు లేరు. పాత ఫైళ్ళ గదిలో ఆ బల్ల ఉంది. నూకరత్నం ఆ కుండీలో మట్టి మార్చి, ఇసుక, నలగ్గొట్టిన ఇటుక ముక్కలు కలిపి, పడమటి కిటికీలో పెట్టింది. పదిహేను రోజులకోసారి మట్టిలోకి వేలు పెట్టి చూసి, పూర్తిగా ఎండిందనుకుంటేనే ఒక గ్లాసు పోసేది. రిజిస్టరులో దాని ఎదురుగా ఏమీ రాసేది కాదు. అబద్ధం రాయడం ఆమెకు చేతకాదు.

నెలన్నర తిరిగేసరికి అరవై మూడు మొక్కలూ ఒకదాని తర్వాత ఒకటి పసుపుపచ్చబడ్డాయి. ఆకులు ముడుచుకుని రాలడం మొదలైంది. జాయింట్ డైరెక్టర్ మాణిక్యవర్మ గారు స్వయంగా బల్ల బల్లకూ తిరిగి పరిశీలించారు. ఆకులు వాడినట్టున్నాయి, వాడడమంటే దాహం, దాహమంటే నీరు చాలకపోవడం. అరగంటలో తేల్చేసి, అరవయ్యో రోజున పావు లీటరును అర లీటరు చేస్తూ ఉత్తర్వులిచ్చారు. నూకరత్నం ఈసారి ఆయన కాళ్ళకు అడ్డం పడినంత పని చేసింది.

"బాబుగారండీ, వేర్లు కుళ్ళిపోయి నీళ్ళు పైకి ఎక్కట్లేదండి. అందుకే వాడిపోయాయండి. ఇంకా పోత్తే చచ్చిపోతాయండి."

"నీ అభిప్రాయాన్ని ప్రభుత్వం గౌరవిస్తుంది," అన్నారు మాణిక్యవర్మ గారు. "రాతపూర్వకంగా, సరైన మార్గంలో, మూడు ప్రతులు ఇవ్వు. ఈలోగా పోస్తూ ఉండు."

వందో రోజుకు బల్లల మీద అరవై మూడు పుల్లలు మిగిలాయి. నీళ్ళు మాత్రం ఆగలేదు. మొక్క చచ్చిపోయిందని రాయాలంటే స్టాకు రిజిస్టరులోంచి తీసేయాలి, తీసేయాలంటే వృక్షశాస్త్ర నిపుణుడి ధ్రువపత్రం కావాలి, ఆ నిపుణుడి పోస్టు ఆ జిల్లాలో ఖాళీగా ఉంది. అందుచేత నెలవారీ నివేదికలో 'ఆకులు లేని స్థితిలో సంతృప్తికరముగా ఉన్నవి' అని రాశారు. గుమాస్తాలు పుల్లల పక్కన నిలబడి నవ్వుతూనే ఉన్నారు. కుండీల కింద పళ్ళాల్లో నీళ్ళు నిలిచి, ఆఫీసునిండా దోమలు చేరి, ఇద్దరికి మలేరియా వచ్చింది. ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా నవ్వు ఫొటో పంపిన ఒక సీనియర్ అసిస్టెంటుకు ప్రశంసాపత్రం వచ్చింది.

చివరికి పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది: పుల్లలకు బాధ్యులెవరు? అందరూ రిజిస్టరు చూపించారు. రోజూ నీళ్ళు పోసినట్టు టిక్కులున్నాయి, ఫొటోలున్నాయి, నవ్వులున్నాయి. నిబంధన ప్రకారం పోసినా చచ్చిందంటే అది మొక్క తప్పు. అందరినీ నిర్దోషులుగా తేల్చారు. అయితే రిజిస్టరు తిప్పుతూ తిప్పుతూ సూపరింటెండెంట్ గారు ఒక చోట ఆగిపోయారు. నలభై ఒకటో నెంబరు ఎదురుగా నూట అరవై రోజులపాటు అంతా ఖాళీ. వెంటనే పాత ఫైళ్ళ గదిలోకి వెళ్ళి చూశారు. కిటికీలో, సాయంత్రపు ఎండలో, అంచుల్లో ఎర్రటి చాయతో, గుబురుగా, జానెడుకు పైగా ఎత్తున నిగనిగలాడుతూ కనిపించింది మొక్క. ఆయన గబగబా తలుపు మూసి, రిజిస్టరు చంకలో పెట్టుకుని జాయింట్ డైరెక్టర్ గారి గదికి పరుగెత్తారు.

మర్నాడు నూకరత్నం చేతికి మెమో వచ్చింది. ఆ సర్కారు భాష తలకెక్కక, చదివి చెప్పమని కింది అంతస్తులోని క్యాంటీను సుభద్రను అడిగితే, సుభద్ర రెండుసార్లు తనలో తాను చదువుకుని, అప్పుడు పైకి చదివింది:

"మొక్క నెం. 41 నేటివరకు సజీవముగా ఉన్నట్లు తనిఖీలో బయటపడినది. సదరు మొక్కకు నూట అరవై దినముల పాటు నీరు పోసిన దాఖలాలు లేవు. ఇది సర్క్యులర్ ఏడవ పేరాకు తీవ్రమైన ఉల్లంఘన. సదరు మొక్క ఏ అనుమతితో జీవించుచున్నదో మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను."

"ఏటే సుభద్రా, బతికిందని మెమోనా?"

"అవునే. చచ్చినియ్యన్నీ బాగానే ఉన్నాయంట."

నూకరత్నం మెట్ల మీదే కూలబడిపోయింది. మోకాలు నొప్పి కంటే ఎక్కువగా పదకొండేళ్ళు గుర్తుకొచ్చాయి. ఆమెకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

విచారణకు ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. మాణిక్యవర్మ గారు అధ్యక్షులు, సూపరింటెండెంట్ గారు కార్యదర్శి. మూడో ఆయన పక్క శాఖ నుంచి వచ్చారు, ఆయనకు విషయం ఏమిటో చివరిదాకా తెలియలేదు గనక నిష్పాక్షికంగా ఉండగలిగారు.

"నువ్వు మొక్కకు నీళ్ళు ఎందుకు పోయలేదు?"

"పోశానండి. ఎండినప్పుడు పోశానండి. పది గ్లాసులు అయ్యుంటాదండి మొత్తం మీద."

"అంటే నేరం ఒప్పుకుంటున్నావు."

"బతికింది కదండీ!"

"అదే కదమ్మా మా బాధ," అన్నారు మాణిక్యవర్మ గారు ఎంతో ఓపికగా. "నిబంధన పాటించినవి అరవై మూడు పోయాయి. పాటించనిది ఒకటి బతికింది. ఇది బయటికి వెళ్తే నిబంధన మీద ప్రజలకు గౌరవం ఉంటుందా? నువ్వు ఒక మొక్కను చూస్తున్నావు. మేము వ్యవస్థను చూడాలి."

కమిటీ గంటసేపు మల్లగుల్లాలు పడి ఉదారంగా ఒక మార్గం కనిపెట్టింది. పోయని నీళ్ళను బకాయిగా లెక్కగట్టి ఒకేసారి పోసేస్తే రిజిస్టరు సరిపోతుంది, మెమో రద్దవుతుంది, పర్మినెంటు ఫైలు పైకి వెళ్తుంది. మొదటి అరవై రోజులకు పావు లీటరు చొప్పున పదిహేను, తర్వాతి వంద రోజులకు అర లీటరు చొప్పున యాభై, వెరసి అరవై ఐదు లీటర్లు. ఆదివారాలు మినహాయించాలా అని మూడో సభ్యుడు అడిగారు. మొక్కకు సెలవులు వర్తించవని కార్యదర్శి నోట్ చేసుకున్నారు.

సోమవారం ఉదయం వరండాలో నలభై ఒకటో కుండీని స్టూలు మీద పెట్టారు. పక్కన నీళ్ళ డ్రమ్ము, కొలత మగ్గు, పంచనామా రాయడానికి ఇద్దరు గుమాస్తాలు. ఆఫీసంతా చుట్టూ చేరింది. నూకరత్నం మగ్గు ముంచింది. పొయ్యకూడదనే రాత్రి అనుకుంది. తెల్లారి మంచం దిగేటప్పుడు మోకాలు కలుక్కుమంటే మనసు మార్చుకుంది. ఒక మొక్క కోసం జన్మంతా కుంటుకుంటూ బతకాలా అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్ళు మూసుకుని మొదటి మగ్గు పోసింది. రెండోది ముంచుతుండగా మాణిక్యవర్మ గారి ఫోను మోగింది.

ఆయన "చిత్తం సార్" అని ఏడుసార్లు అని, ఫోను పెట్టేసి, పాలిపోయిన మొహంతో అరిచారు: "ఆపండి! ఒక్క చుక్క పోయొద్దు!"

రాష్ట్రంలోని ఏ ఆఫీసులోనూ ఒక్క మొక్క కూడా మిగల్లేదట. పథకం గెలిచిందని ఎల్లుండి పై సమావేశంలో చూపించడానికి కమిషనర్ గారికి ప్రాణమున్న మొక్క ఒకటి అత్యవసరంగా కావాలట. రేపు ఉదయం స్వయంగా వస్తున్నారట. అంతే, పంచనామా గుమాస్తాలు అద్దుడు కాగితాలు తెచ్చి మట్టి మీద ఒత్తారు. మాణిక్యవర్మ గారి ఛాంబర్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి కుండీ ముందు పెట్టారు. సూపరింటెండెంట్ గారు తన తువ్వాలుతో ఆకు ఆకూ తుడుస్తూ, "తల్లీ, కొంచెం ఓర్చుకో" అన్నారు. ఆ మాట మొక్కతో అన్నారో నూకరత్నంతో అన్నారో తెలియలేదు. నూకరత్నం మాత్రం కుండీ ఒంపి, తడి మట్టి తీసేసి, పొడి ఇసుక పోసి, నీడలో పెట్టింది.

సాయంత్రం మాణిక్యవర్మ గారు ఆమెను లోపలికి పిలిచి, మొదటిసారి కూర్చోమన్నారు. "చూడమ్మా, రేపు ఆయన అడిగితే రోజూ నిబంధన ప్రకారం పోశానని చెప్పు. నీ ఫైలు మీద నేను ఎల్లుండే సంతకం పెడతాను. హెల్త్ కార్డు సంగతి నేను చూసుకుంటాను."

"అలాగేనండి," అంది నూకరత్నం. అనేటప్పుడు నిజంగానే అలాగే చెప్పాలనుకుంది.

కమిషనర్ గారు వచ్చారు. అరవై మూడు పుల్లల్నీ స్టోరు రూములో పెట్టి తాళం వేశారు. నలభై ఒకటిని పూలదండల మధ్య బల్ల మీద పెట్టారు. ఆయన దాన్ని అన్నివైపుల నుంచీ చూసి మురిసిపోయారు.

"దీనికి ఎలా నీళ్ళు పోశారు?"

"సర్క్యులర్ ప్రకారమే సార్. రోజూ అర లీటరు," అన్నారు మాణిక్యవర్మ గారు.

"నేను చెప్పలేదూ! ఈ ఒక్క రుజువు చాలు. బళ్ళు, ఆసుపత్రులు, అంగన్‌వాడీలు అన్నిటికీ ఈ పథకం విస్తరిస్తున్నాను. తొమ్మిది లక్షల మొక్కలు. రోజూ అర లీటరు. ఏమ్మా, పోసింది నువ్వేనా?"

నూకరత్నం నోరు తెరిచింది. తొమ్మిది లక్షలు. ఒక్కో ముక్క తుంచి, ఎండబెట్టి, ఇసుకలో గుచ్చి, ఏడాది కాపాడితే గాని ఒక మొక్క కాదు. వాళ్ళమ్మ నడుము వంచి గుచ్చిన ముక్కలన్నీ ఆమె కళ్ళ ముందు కుళ్ళి కంపు కొట్టాయి.

"నేనే కాపాడానండి," అంది. "నీళ్ళు పొయ్యలేదండి. అందుకే బతికిందండి."

మాణిక్యవర్మ గారు కుర్చీ వీపు పట్టుకున్నారు. సూపరింటెండెంట్ గారు గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టారు.

కమిషనర్ గారి మొహం మెల్లగా వెలిగింది. "నీళ్ళు లేకుండా!" అన్నారు. "నీళ్ళు లేకుండా మొక్కల పెంపకం! దేశంలో ఎవరైనా చేశారా ఇది? రాసుకోండి మాణిక్యవర్మ గారూ. శూన్య జల విధానం!"

"నేను మొదటి నుంచీ అదే అంటున్నాను సార్," అన్నారు మాణిక్యవర్మ గారు.

"అసలు పొయ్యకుండా కాదండీ బాబుగారండీ, ఎండినప్పుడు ఓ గ్లాసుడు..." అని నూకరత్నం అనబోయింది గానీ, చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. కమిషనర్ గారు ఆమె పక్కన నిలబడి ఫొటో దిగారు. "ఈమె ఫైలు ఇవాళే పంపండి," అన్నారు. ఆ పూట నూకరత్నం సుభద్రకు టీ, సమోసా తన డబ్బుతో ఇప్పించింది.

కొత్త సర్క్యులర్ నాలుగు రోజుల్లో వచ్చింది. శాఖ పరిధిలోని ఏ మొక్కకూ, ఏ కారణం చేతనూ, ఏ పరిమాణంలోనూ నీరు పోయరాదు. మొక్క అంటే అన్నీ మొక్కలే గనక వరండాలోని క్రోటన్లు వడిలిపోయాయి, ముందున్న పచ్చగడ్డి గోధుమరంగుకు తిరిగింది, స్టాఫ్ క్వార్టర్లలో తులసికోట దగ్గర చెంబుతో దొరికిన హెడ్ క్లర్కు భార్యకు నోటీసు వెళ్ళింది. గుమాస్తాలు ఇప్పుడు ఎండిన కుండీల పక్కన చేతులు పైకెత్తి, చేతిలో మగ్గు లేదని చూపిస్తూ ఫొటోలు దిగాలి. నవ్వు మామూలే.

మార్చి ఆఖరున ఫైలు తిరిగి వచ్చింది. సూపరింటెండెంట్ గారు పిలిచి, చదవడానికి కాస్త మొహమాటపడి, ఆఖరికి చదివారు: "శ్రీమతి నూకరత్నం గారి విశిష్ట కృషిని ప్రభుత్వము అభినందించుచున్నది. మొక్కలకు నీరు పోయనవసరము లేదని వారే నిరూపించియున్నందున, నీరు పోయుటకై ఏర్పరచిన పోస్టు అవసరము లేనిదిగా గుర్తించి రద్దు చేయడమైనది. తాగునీటి సరఫరా ఏజెన్సీకి అప్పగించడమైనది. నీరు పోయకుండుటను పర్యవేక్షించుటకు జిల్లాకు ఒక శాశ్వత అధికారి పోస్టు మంజూరైనది."

"ఆ పోస్టు నాకియ్యొచ్చు కదండీ," అంది నూకరత్నం. "పొయ్యకుండా ఉన్నది నేనే కదండీ."

"దానికి ఎమ్మెస్సీ ఉండాలమ్మా. నీది ఏడు."

ఈసారి నూకరత్నానికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. అబద్ధం చెప్పి ఉంటే ఈపాటికి మోకాలికి కట్టు కట్టించుకుని పడుకునేది. అది తలుచుకుంటే మంట ఇంకా పెరిగింది. అయినా నిజం చెప్పానని పశ్చాత్తాపం మాత్రం, ఎంత వెతుక్కున్నా, ఆమెకు కలగలేదు.

ఆఖరి రోజున కొత్త అధికారికి ఛార్జి అప్పగించాలన్నారు. ఆయన పేరు పురుషోత్తమశాస్త్రి గారు, వేరే శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు. బకెట్లు రెండు, మగ్గు ఒకటి నిషిద్ధ సామగ్రిగా సీలు వేసి ఆమె దగ్గర సంతకం తీసుకున్నారు. తర్వాత ఆయన, పై సమావేశంలో చూపించాక తిరిగి వచ్చిన నలభై ఒకటో కుండీ ముందు నిలబడ్డారు. ఆకులు అప్పుడే కొంచెం ముడతలు పడ్డాయి.

నూకరత్నం ఆకు నొక్కి చూసింది. "బాబుగారండీ, దీనికిప్పుడు ఓ గ్లాసుడు పొయ్యాలండి. లేపోతే పోద్దండి."

"పోయరాదు," అన్నారు ఆయన. "అందుకే కదా నన్ను వేశారు."

ఆమె చీర చెంగుతో ఆకుల మీది దుమ్ము తుడిచి, సంచీ తీసుకుంది. శాస్త్రి గారు డైరీ తెరిచి, కలం పట్టుకుని, కొంచెం బెంగగా అడిగారు: "అన్నట్టు, ఈ సీట్లో రోజూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను చెయ్యవలసిన పని ఏమిటి?"

"ఏమీ చెయ్యకూడదండి."

"ఏమీ చెయ్యకుండానా? అది ఎలా చెయ్యాలో కాస్త వివరంగా చెప్పమ్మా, రాసుకుంటాను."

నూకరత్నం ఆయన్ని తేరిపార చూసింది. "ముప్ఫై ఏళ్ళ సర్వీసన్నారు కదండీ," అంది. "తమకి నేను చెప్పాలేటండీ?"

ఆయన అది కూడా రాసుకున్నారు. నూకరత్నం పిట్టగోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది.